ఫోను చెవి

మా చెల్లెలి కూతురు ఈమధ్యే ఫిజియోథెరపీ చదువు ముగించి ఉద్యోగంలో చేరింది. మొన్న వచ్చినప్పుడు, "పెద్దమ్మా, నీ సర్వీసు మొత్తంలో నిన్ను బాగా తికమక పెట్టిన కేసేది?" అని అడిగింది. పరంజా మీదినుంచి పడి మళ్ళీ లేచి నడిచిన మేస్త్రీ కథో, పక్షవాతం వచ్చిన షేకు కథో చెబుతాననుకుంది. "ఒక పదిహేడేళ్ళ పిల్ల మెడనొప్పి" అన్నాను. నవ్వింది. నవ్వండి, మీరూ నవ్వండి. ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చినవాళ్ళకి మెడనొప్పి అంటే అలాగే ఉంటుంది.

నేను కాకినాడ నుంచి బహ్రెయిన్ వెళ్ళి, మనామాలో ఒక ప్రైవేటు క్లినిక్‌లో చాలా ఏళ్ళు పనిచేశాను. మా ఆయన తుబ్లీలో ఒక గ్యారేజీలో సూపర్‌వైజరు. నా దగ్గరికొచ్చేవాళ్ళు ఎక్కువగా బరువులెత్తి నడుం పట్టేసిన కూలీలు, రోజంతా స్టీరింగు పట్టుకుని భుజం బిగుసుకుపోయిన డ్రైవర్లు. ఒకరోజు మా పెద్ద డాక్టరు పిలిచి, "రేపట్నుంచి వారానికోసారి బుదైయా వెళ్ళు. అక్కడ పిల్లల ఆర్కెస్ట్రా ఒకటుంది, వాళ్ళ ఆరోగ్యం చూసుకోవాలిట" అన్నాడు.

నాకు తెలిసిన ఆర్కెస్ట్రా అంటే పెళ్ళిళ్ళలో కీబోర్డు పెట్టి సినిమా పాటలు పాడేది. వాళ్ళకి ఫిజియోథెరపిస్టు ఎందుకో అర్థం కాలేదు. తీరా వెళ్తే, ఒక స్కూలు పెద్దహాల్లో నిండా పిల్లలు. బహ్రెయినీలు, ఫిలిప్పీన్సు వాళ్ళు, మలయాళీలు, తెల్లవాళ్ళు. పేర్లు కూడా తెలియని బాకాలు, మనిషంత ఎత్తున్న వయొలిన్లు. నాకు తెలిసిన వయొలిన్ అయితే విద్వాంసుడు బాసింపట్టు వేసుకుని, పాదం మీద ఆన్చి వాయిస్తాడు. వీళ్ళు దాన్ని గడ్డం కింద నొక్కిపెట్టి, మెడ ఎడమకి వంచి, గంటలతరబడి కదలరు. చూస్తుంటేనే నా మెడ పట్టేసింది. అప్పుడు అర్థమైంది నన్నెందుకు పిలిచారో.

కానీ నా దగ్గరికి ఎవరూ వచ్చేవారు కాదు. హాలు పక్కనే నాకో గది ఇచ్చారు. మంచం వేసి, దుప్పటి పరిచి కూర్చునేదాన్ని. "ఎక్కడైనా నొప్పిగా ఉందా?" అని పలకరిస్తే ప్రతివాళ్ళదీ ఒకే మాట, "ఐయామ్ ఫైన్ ఆంటీ." ఫైన్ అన్నవాడే తలుపవతల చేయి విదిలించుకుంటూ కనబడేవాడు. ఆర్కెస్ట్రా పనులన్నీ చూసే బహ్రెయినీ మేనేజరమ్మ కూడా, "మా పిల్లలు గట్టివాళ్ళు, నువ్వు చాయ్ తాగు" అనేది. జీతానికి చాయ్ తాగడం నాకు కొత్త.

మొదట నా గది తలుపు తట్టింది ఈ మెడనొప్పి పిల్లే. తెలుగు వినబడేసరికి ప్రాణం లేచొచ్చింది. వాళ్ళది నిజామాబాదు వైపు. తండ్రి ఆ స్కూలు బస్సు డ్రైవరు. బస్సు దిగాక తండ్రి డ్యూటీ అయ్యేదాకా అక్కడే తిరుగుతూ ఉండేదిట. సంగీతం టీచరు ఎప్పుడో చేతిలో ఒక వయొలిన్ పెడితే అలా పట్టుకుంది. ఆ ఏడాది బాగా వాయిస్తోందని చివరి వరుస నుంచి ఏకంగా ముందు వరుస కుర్చీకి తెచ్చారు. ఆర్కెస్ట్రాలో కుర్చీ అంటే హోదా అని ఆ పిల్లే చెప్పింది.

"ఆంటీ, మెడ గుంజుతుంది. ఎవ్వరికీ చెప్పకుండ్రి" అంది.

"ఎక్కడమ్మా?"

కుడివైపు చూపించింది. అక్కడే నాకు మొదటి తికమక. వయొలిన్ పిల్లలకి నొప్పి ఎడమవైపు రావాలి. అది పట్టుకునేది అటే. కుడివైపు మెడ కండరం తాడులా బిగుసుకుపోయి ఉంది. ఆ కండరం బిగిసిందంటే మనిషి తల అస్తమానూ ఎడమకి తిప్పుతూ ఉన్నట్టు. ఎందుకు తిప్పుతోంది? వయొలిన్ కోసం తిప్పేదాని కన్నా ఇది చాలా ఎక్కువ.

నాకు తెలిసిన వైద్యమంతా చేశాను. నొక్కాను, సాగదీశాను, వ్యాయామాలు నేర్పాను. ఆ పూటకి తగ్గేది, మళ్ళీ వారానికి మొదటికొచ్చేది. వయొలిన్‌కి గడ్డం ఆన్చే చెక్క మార్పించాను. స్కూలు సంచి ఇంకో భుజానికి మార్పించాను. తలగడ మార్పించాను. చివరికి ఏ పక్కకి తిరిగి పడుకుంటుందో అడిగాను.

"కుడిపక్కకే ఆంటీ. అట్ల పంటేనే నిద్ర పడ్తది, సప్పుడుండదు."

"అదేనమ్మా తప్పు. కొన్నాళ్ళు ఎడమవైపు తిరిగి పడుకో."

వారం తర్వాత కళ్ళకింద నల్లగా కమిలిపోయి వచ్చింది. "ఎడమకు పంటే నిద్రే వస్తలేదు. ఏసీ సప్పుడు, చెల్లె ఫోను సప్పుడు, అన్నీ వినవడ్తున్నయి." వంక పెడుతోందనుకున్నాను. మా క్లినిక్‌లో నాతోపాటు పనిచేసే మలయాళీ అతనికి చెబితే, "పరీక్షల భయం అయివుంటుంది, కొందరికి భయం మెడలోకి దిగుతుంది" అన్నాడు. అదీ నమ్మబోయాను.

ఈలోగా సంగీతం నడిపించే పెద్దాయన నా గదికొచ్చాడు. ఆయన ఏ దేశంవాడో నాకెప్పుడూ సరిగ్గా తెలియలేదు గానీ, కోపమొస్తే మూడు భాషల్లో తిట్టేవాడు. ఆరోజు తిట్టలేదు. కుర్చీలో కూలబడి, "వెనక వరుసలో ఉన్నప్పుడు ఈ అమ్మాయి గడియారంలా వాయించేది. ముందుకు తెచ్చాక అందుకోవలసిన చోట అందుకోవడం లేదు. నేను పిలిచినా పలకడం లేదు. కుర్చీ ఎక్కగానే పొగరెక్కిందా?" అన్నాడు.

"పొగరు కాదండీ, మెడనొప్పి."

"మెడనొప్పికి చెవులు మూసుకుపోతాయా?" అన్నాడాయన. కచేరీ దగ్గరపడుతోంది, ఇలాగే ఉంటే ఈసారికి తీసేస్తానని చెప్పి వెళ్ళిపోయాడు. ఆయన వేళాకోళంగా అన్న మాటలోనే జవాబుంది. నా బుర్రకి తట్టలేదు.

తర్వాత వారం ఆ పిల్లని కుర్చీలో కూర్చోబెట్టి, వేడి మూట కుడి మెడకి ఆన్చి, జారిపోకుండా చెవిదాకా దళసరి తువ్వాలు చుట్టాను. వెనకాల మంచం సర్దుకుంటూ, "వేడి మరీ ఎక్కువగా ఉందా?" అనడిగాను. పలకలేదు. మళ్ళీ అడిగాను. నిద్రపోయిందేమోనని ముందుకొచ్చి చూస్తే కళ్ళు తెరిచే ఉంది, కిటికీలోంచి బయట పావురాల్ని చూస్తోంది. నేను కనబడగానే నవ్వింది.

"పిలుస్తుంటే పలకవేంటమ్మా?"

ఆ పిల్ల నా పెదాల వంక చూసి, తువ్వాలు కొంచెం పక్కకి లాగి, "ఏమన్నరు ఆంటీ?" అంది.

నా ఫోను తీసి, పాట పెట్టి, ఎడమ చెవి దగ్గర పట్టుకున్నాను. "ఏం వినిపిస్తోంది?"

"ఈ చెవి ఫోనుకు పనికిరాదు కద ఆంటీ" అంది, నాకే తెలియనట్టు. "ఫోను చెవి ఇది" అని కుడిచెవి పట్టుకుని చూపించింది.

"ఫోను చెవేంటి?"

"గదే, బువ్వ తినేటందుకు కుడిచెయ్యి ఉన్నట్టు, వినేటందుకు కుడిచెవి. మీకు ఎడమదా?"

"మరి ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటావు కదా?"

"ఎడమది చెల్లెకిస్తా. చిన్నప్పటిసంది గంతే."

ఆ పిల్ల ఆటపట్టించడం లేదు. లోకంలో అందరూ ఒక చెవితోనే వింటారని, రెండోది ముఖానికి అందం కోసమో సమతూకం కోసమో ఉందని నిజంగా అనుకుంటోంది. పుట్టి బుద్ధెరిగాక రెండు చెవులతో విన్నది ఎప్పుడూ లేదు. లేనిదాన్ని పోయిందని ఎలా తెలుసుకుంటుంది?

తండ్రిని పిలిచి చెప్పాను. "ఇన్నేండ్లు మంచిగనే వింటుంది కద మేడమ్! వయొలిన్ గూడ వాయిస్తుంది" అని నన్నే అనుమానంగా చూశాడు. "ఒక్కసారి చూపిద్దాం భాయ్" అని పోరుపెట్టి, చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. పరీక్ష చేసి, ఎడమచెవి పూర్తిగా పోయింది, ఇప్పటిది కాదు, చిన్నతనంలో పోయివుంటుంది అన్నాడాయన. కుడిచెవి దివ్యంగా ఉంది. ఎడమదానికి మందు లేదు, మామూలు మిషను పెట్టినా లాభం లేదు. చిన్నప్పుడు ఏదైనా జబ్బు చేసిందా అని అడిగితే, తల్లి ఏడ్చేసింది. "నాలుగేండ్లప్పుడు గవదబిళ్ళలైనయి. ఈయన దుబాయిల ఉండె. జరం తగ్గింది, వాపు దిగింది, అయిపోయిందనుకున్న." ఆవిడ దుబాయి అన్నది ఈ బహ్రెయినే. వాళ్ళ వైపు గల్ఫు మొత్తాన్ని అలాగే అంటారు.

అప్పుడు నా మెడనొప్పి కేసు మొత్తం విడిపోయింది. వెనక వరుసలో ఎడమ చివర కూర్చున్నప్పుడు వాద్యాలన్నీ ఆ పిల్లకి కుడివైపు ఉండేవి. హోదా ఇచ్చి ముందుకి, కుడి చివరికి తెచ్చేసరికి అందరూ ఎడమకి పోయారు. పాపం, కుడిచెవిని వాళ్ళవైపు తిప్పుకోవడానికి రోజూ మెడని ఎడమకి మెలితిప్పుతోంది. తనెందుకు తిప్పుతోందో తనకే తెలియదు.

చిక్కు విడిపోయిందని నేను సంబరపడ్డాను. అసలు చిక్కు అక్కడే మొదలైంది. తెలిసిన మర్నాటి నుంచి ఆ పిల్ల వయొలిన్ ముట్టలేదు.

రిహార్సల్‌కి రాలేదు. పిల్లకి జ్వరమని ఇంట్లోవాళ్ళు పెద్దాయనతో చెప్పారు. తండ్రి బస్సు దగ్గర ఎదురుపడితే తల తిప్పుకునేవాడు. ఇంట్లో అందరినీ ఒకటే అడుగుతోందిట, "మీకు ఎట్ల వినిపిస్తది?" అని. ఎవరు చెప్పగలరు? నేనూ తెలుసుకుందామని ఒక సెలవురోజు ఎడమచెవిలో గట్టిగా దూది కుక్కుకుని మనామా పాత బజారు, సూక్‌లో తిరిగాను. వెనకనుంచి ఎవరో అరిస్తే అటు కాకుండా ఇటు తిరిగాను. సరుకులు తెచ్చే బైకు ఒకటి నన్ను రాసుకుంటూ పోయింది. వాడు తిట్టిన తిట్టు కూడా ఎటునుంచి వచ్చిందో తెలియలేదు. ఇంటికొచ్చి దూది తీసేశాక మళ్ళీ ఏమీ తెలియనిదాన్నే అయ్యాను. "మెడ బాగుచేసి చెయ్యి పడగొట్టావు" అన్నాడు మా మలయాళీ సహోద్యోగి. హాస్యానికే అన్నాడు గానీ నాకు అన్నం సహించలేదు. చెప్పకుండా ఉండాల్సిందా? చెప్పకపోతే ఆ మెడ ఏమయ్యేది? ఎటు ఆలోచించినా రెండోవైపు నుంచి ఇంకో ప్రశ్న వచ్చేది.

ఒకరోజు వాళ్ళింటికి వెళ్ళాను. సూక్ వెనక సందులో మేడ మీద చిన్న వాటా. తల్లి చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. పిల్ల నా కుడిపక్క కూర్చోబోయి, ఆగి, కావాలని లెక్కచూసుకుని ఎడమపక్కకి మారింది. ఇదివరకు తెలియకుండా చేసే పని ఇప్పుడు తెలిసి చేస్తోంది. చూడలేకపోయాను.

"ఆంటీ, మీకు రెండు చెవులల్ల రెండు పాటలు వినిపిస్తయా, ఒక్కటేనా?"

"ఒక్కటేనమ్మా."

"మరి రెండెందుకు?"

"శబ్దం ఎటునుంచి వస్తోందో తెలుస్తుంది."

"ఎటునుంచి అంటే?"

సరిగ్గా అప్పుడే వంటింట్లో కుక్కరు కూతేసింది. "అదిగో, అటునుంచి" అని వేలు చూపించాను.

"కుక్కరు వంటింట్లనే ఉంటది కద. అది నాకూ ఎరుకే."

నేను నవ్వాను. తనూ నవ్వబోయి మానేసింది. "అయితే కండ్లు మూసుకున్నా హాల్ల ఎవరు ఎటున్నరో మీకు తెలుస్తదా? అందరికీ తెలుస్తదా?"

"తెలుస్తుందమ్మా."

"ఇన్నిదినాలు నేను విన్నది తప్పా మరి?"

మీరైతే ఏం చెప్పేవారో నాకు తెలియదు. ధైర్యం చెప్పే మాటలు నా దగ్గర చాలా ఉండేవి, రోజూ వాడేవే. "నాకు తెలియదమ్మా" అన్నాను. "నువ్వు విన్నది నేను వినలేదు, నేను విన్నది నువ్వు వినలేదు." చాయ్ తాగి, ఎందుకొచ్చానో నాకే తెలియకుండా లేచి వచ్చేశాను.

కచేరీ రోజు వచ్చింది. మనామాలో పెద్ద హాలు. మధ్యాహ్నం చివరి రిహార్సల్ జరుగుతుంటే ఆ పిల్ల తండ్రితో వచ్చింది. వయొలిన్ పెట్టె చేతిలో ఉంది. "వాద్యం వాళ్ళది మేడమ్, వాపసు ఇచ్చేద్దామని" అన్నాడు తండ్రి మెల్లగా. పాట మధ్యలో ఆపడానికి లేదు కాబట్టి నా పక్కన నిలబడ్డారు.

కాసేపటికి తండ్రి బస్సు ట్రిప్పుకి టైమైందని వెళ్ళిపోయాడు. పిల్ల కూడా నా పక్కన లేదు. చూస్తే ఖాళీ కుర్చీల మధ్య నడుస్తోంది. ఒకచోట ఆగి, విని, ఇంకోచోటికి పోతోంది. హాలంతా తిరిగి, పక్క మెట్లెక్కి వేదిక మీదికి వెళ్ళింది. వాయిస్తున్న పిల్లల వెనకనుంచి గోడవారగా నడుస్తూ, బాకాల దగ్గర తల అడ్డంగా ఊపి, ఇంకా పక్కకి జరిగి, ఎడమ చివర, ఆఖరి కుర్చీ వెనకాల ఆగిపోయింది. చాలాసేపు కదల్లేదు. పెద్దాయన చూశాడు గానీ చెయ్యి ఆపలేదు. పాట పూర్తయ్యేసరికి ఆ పిల్ల నేలమీద మోకాళ్ళూని పెట్టె తెరుస్తోంది.

"నీ కుర్చీ ముందుంది" అన్నాడాయన.

"ఇక్కడ సార్."

"అది ఆఖరి కుర్చీ."

"ఇక్కడే సార్."

"ఎందుకు?"

పిల్ల నా వైపు చూసింది. నేను నేలవైపు చూశాను. అది నేను చెప్పే మాట కాదు. అప్పుడు అందరికీ వినబడేలా ఇంగ్లీషులో చెప్పింది. "నాకు ఒక చెవి పనిచేయదు. మొన్నమొన్నటిదాకా నాకే తెలియదు. ఇక్కడ కూర్చుంటే మీరందరూ నా మంచి చెవి పక్కన ఉంటారు."

ఎవరో కంగారులో నవ్వి, ఆపేశారు. ఆఖరి కుర్చీలో ఉన్న అబ్బాయి లేచి నిలబడి, "అయితే నేను ముందుకా?" అన్నాడు భయంగా. ఆ మాటతో అందరూ నవ్వేశారు. "యల్లా, యల్లా, కానివ్వండి, జనం వచ్చేస్తారు!" అని మేనేజరమ్మ చప్పట్లు చరిచింది. పెద్దాయన మాత్రం మరో మాట అనకుండా కుర్చీలు మార్పించి, మొదటినుంచి వాయించమన్నాడు. అందుకోవలసిన ప్రతిచోటా ఆ పిల్ల విల్లు అందరితోపాటు లేచింది. సంగీతం నాకు తెలియదు. మెడ తెలుసు. మెడ తిన్నగా ఉంది.

విరామం ఇచ్చారు. చాయ్ తెచ్చుకుందామని లేచానో లేదో, పెద్ద వయొలిన్ వాయించే అమ్మాయి ఒకతె వచ్చి, "ఆంటీ, నా బొటనవేలికి స్పర్శ తెలియడం లేదు" అంది. ఆమె వెనక బాకా అబ్బాయి. ప్రతి కచేరీకి ముందూ వాంతి చేసుకుంటాడట, ఇంట్లో కూడా తెలియదు. వాడి వెనక ఇంకొకరు, ఇంకొకరు. "ఖలాస్, అయిపోయాం! అందరికీ ఈరోజే వచ్చాయా జబ్బులు?" అని మేనేజరమ్మ నెత్తి కొట్టుకుంది. సీజను మొత్తం నేను ఎవరికోసం ఎదురుచూశానో వాళ్ళందరూ కచేరీకి ముందు వరసకట్టారు. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ఆ కంగారులో, "ఎవరినీ ఈరోజు తీసెయ్యరు, నేను చెబుతున్నాను" అనేశాను. అలా చెప్పడానికి నేనెవరిని? పెద్దాయన పక్కనే ఉన్నాడు. విన్నాడు. కాదనలేదు.

ఆ తర్వాత ఆ పిల్లకి మెడనొప్పి రాలేదు. ఇప్పుడు చిన్నపిల్లలకి వయొలిన్ నేర్పుతోంది. నేను రిటైరయ్యేదాకా బుదైయాలో నా గది ముందు ఎప్పుడూ ఎవరో ఒకరు కూర్చునే ఉండేవారు. ఇవన్నీ బాగానే జరిగాయి కాబట్టి నేను చేసింది మంచిదే అని మీరనవచ్చు. ఆ పిల్ల వయొలిన్ ముట్టకుండా ఉన్న ఆ రోజుల్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ తేలదు.

ఆ సాయంత్రం కచేరీ అయ్యాక తండ్రి మెట్ల దగ్గర నిలబడ్డాడు. పిల్ల వాయిస్తోందని తెలిసి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు, ఫోనులో వీడియో తీసి ఊరికి పంపుదామని.

"ముందల వరుసల ఎంత దేవులాడిన బిడ్డా, కనవడలే" అన్నాడు కూతురితో. "ముందటి నుంచి ఎనకకు పోయినవు. ఊర్ల అడిగితె ఏమని చెప్పాలె?"

"నాకు ఇయ్యాల అందరూ వినవడ్డరని చెప్పు నాయినా."

ఆయన అర్థమైనట్టు తలాడించి, అర్థం కాలేదన్నట్టు నా వంక చూశాడు. నేనూ తలాడించాను. ఆ పిల్ల మా ఇద్దరి ఎడమపక్కకి వచ్చి నడవడం మొదలుపెట్టింది.